మా నాయనమ్మ చెల్లించిన బాకీ



ఈ పత్రికలో మేము సామాన్యముగా విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, చీడపీడలను గూర్చియు వ్రాయుచుందుము. ఈ మాసమున మాత్రము ఒక ముసలమ్మను గూర్చి వ్రాయదలచితిమి. ఆమె మా నాయనమ్మ. ఆమె పేరు ఏ గ్రంథమునందును లేదు. ఒక పల్లెటూరి పరపతి సంఘపు పాత ఖాతా పుస్తకములో మాత్రము, మా తాతగారి పేరు కొట్టివేసి, దాని క్రింద ఆమె పేరు వ్రాయబడి యున్నది. ఆ పేరు అచ్చటి కెట్లు చేరెనో చెప్పుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

దీనికి కారణమొకటి కలదు. ఇటీవల ఒక గ్రామమున సంఘ సభ్యుల సమావేశమునకు మేము పోయితిమి. వసూళ్ల మాట వచ్చినపుడు ఒక యువకుడు లేచి, "సంఘానికి అప్పు కట్టినవాడు అమాయకుడు, కట్టనివాడు గడుసువాడు. ఎప్పటికైనా మాఫీ రాకపోదు" అనెను. పలువురు నవ్విరి. మేమును నవ్వితిమి. ఇల్లు చేరిన పిమ్మట ఆ నవ్వు మాకు ముల్లువలె గ్రుచ్చుకొనెను. మా నాయనమ్మ ఆ సభలో కూర్చుండియుండినచో మేమట్లు నవ్వియుందుమా?

ఆమె యూరు, ఆమె యిల్లు

కృష్ణానది పులిగడ్డ యొద్ద రెండు పాయలుగా చీలి సముద్రమును చేరుచున్నది. ఆ రెండు పాయలకును సముద్రమునకును నడుమ నున్న లంకయే దివిసీమ. 1855వ సంవత్సరమున బెజవాడ యొద్ద ఆనకట్ట పూర్తియైన పిదప కృష్ణ డెల్టాకు కాలువల బలిమి కలిగెను. కాని కాలువ తల యొద్ద నున్న రైతుకును, చివర నున్న రైతుకును గల భేదము మీరెరుగనిది కాదు. మా ఊరు చివరది. మాకు నీరు ఆలస్యముగా వచ్చును, ఉప్పు మాత్రము ముందుగా వచ్చును.

నాయనమ్మ 1930 ప్రాంతమున ఒక కూలివారి యింట పుట్టినది. పగలు నాట్లు, కలుపులు, కోతలు. రాత్రి మిషను పంతులుగారు లాంతరు వెలుగున నడపిన బడి. ఆ బడిలో ఆమె అక్షరములు నేర్చుకొనెను. చదువు నేర్చుట యెందుకని యెవరైన నడిగిన, బైబిలు చదువుకొనుట కనియు, అంగడివాడు వ్రాసిన లెక్క సరిచూచుకొనుట కనియు చెప్పెడిది. ఈ రెండు కారణములును ఆమెకు సమానములే. ఆమె భక్తి యెప్పుడును లెక్కకు విరోధి కాలేదు.

పెండ్లియై వచ్చిన తరువాత అత్తగారి వలన మంత్రసాని పని నేర్చుకొనెను. మిషను ఆసుపత్రి నర్సమ్మ యొకతె, బొడ్డు కోయు బ్లేడును, కట్టు దారమును నీళ్లలో మరిగింపవలెననియు, గోళ్లు కత్తిరించుకొని చేతులు సబ్బుతో కడుగుకొనవలెననియు ఆమెకు బోధించెను. అది మొదలు నాయనమ్మ ఒక చిన్న గిన్నెయు, సబ్బు ముక్కయు సంచిలో నుంచుకొనక గడప దాటెడిది కాదు. పగటివేళ మా వాడ దిక్కు చూడని వారును, అర్ధరాత్రి లాంతరు పట్టుకొని మా గుమ్మము ముందు నిలువబడి "అమ్మా, ఒక్కసారి రావాలి" అని పిలిచెడివారు. ఆమె పోయెడిది. ఆ యిండ్లలో పెరటి త్రోవనే లోనికి పోవలసియుండుట ఆమెకు తెలియకపోలేదు. దానిని గూర్చి మేమొకసారి కోపముతో అడుగగా, "బిడ్డ ఏ దోవన వస్తుందో ఆ దోవకి నేను పోవాలి గాని, నేను వచ్చిన దోవ ఏదైతేనేంరా నాయనా" అనెను. ఆ మాటతో మా కోపము చల్లారలేదు. అయినను, అది ఆమె తన గౌరవమును తాను కాపాడుకొనిన విధమని మాకు తరువాత అర్థమైనది.

ఉప్పెన

1977వ సంవత్సరము నవంబరు 19వ తేది శనివారము. ఆనాటి తుపానును, దానితో సముద్రము విరుచుకొనిపడిన ఉప్పెనను దివిసీమలో ఎరుగని యిల్లు లేదు. సుమారు 5 మీటర్ల యెత్తున నీటిగోడ పల్లెల మీదికి వచ్చెను. సుమారు 10,000 మంది మరణించిరి. లెక్కకు రానివా రింకను ఎందరో అని పెద్దలందురు. పశువుల లెక్క చెప్పనలవి కాదు.

ఆనాడు నాయనమ్మ పొరుగూర ఒక పెద్దరైతు ఇంట కాన్పు కొరకు పోయియుండెను. వారిది డాబా యిల్లు. నీరు వాకిట చేరగానే బాలెంతను, మూడు గడియల పసికందును ఎత్తుకొని అందరును డాబా మీదికి ఎక్కిరి. ఆ రాత్రి యెల్ల ఆమె తన చీర చెరగులో ఆ బిడ్డను చుట్టి, గాలికి వీపు పెట్టి కూర్చుండెను. బిడ్డ బ్రతికినది. మా యింట మాత్రము డాబా లేదు. మా తాతగారును, పండ్రెండేండ్ల మా మేనత్తయు నీట పోయిరి. పదునేడేండ్ల మా నాన్నగారు తాటిచెట్టును కావలించుకొని ప్రాణము దక్కించుకొనిరి. ఆ పట్టు పట్టిన మచ్చలు ఇప్పటికిని వారి రొమ్ముమీద నున్నవి.

మరునాడు ఆదివారము. నాయనమ్మ శవముల నడుమ నడచి మధ్యాహ్నమునకు ఊరు చేరెను. గుడి లేదు, గంట లేదు. తల్లియు కొడుకును ఒకరినొకరు చూచుకొనిన చోటనే, బురదలో మోకరించి ఆమె ప్రార్థించెనట. ఏమని ప్రార్థించితివని మేము చిన్నతనమున అడిగితిమి. "ఏమీ అడగలేదురా. నోరు రాలేదు. మోకాళ్లు మాత్రం వంగాయి" అనెను.

మూడవ దినమున మేనత్త శవము దొరకెను. తాతగారిది దొరకనే లేదు.

సహాయము చేసినవా రనేకులు. అవనిగడ్డ నాయకులు మండలి వెంకట కృష్ణారావు గారు రేయింబవళ్లు శ్రమించిరి. నందమూరి తారక రామారావు గారును, అక్కినేని నాగేశ్వరరావు గారును ఊరూర తిరిగి విరాళములు ప్రోగుచేసిరి. అన్ని మతముల సేవాసంఘముల వారును వచ్చిరి. ఆ గంజియు, ఆ గుడ్డలును లేకున్న మా కుటుంబము నిలిచియుండదు. నాయనమ్మ ఆ ఋణమును మరువలేదు. కాని ఆమె మరువని ఋణ మింకొకటి కలదు.

సంఘపు బాకీ

ఆ సార్వాకు ముందు తాతగారు రెండెకరముల సాగుకై సంఘమునుండి 600 రూపాయలు అప్పు తీసికొనిరి. పొరుగింటివాని 450 రూపాయల అప్పునకు జామీను నిలిచిరి. ఉప్పెనలో ఆ పొరుగింటివారు ఒక్కరును మిగులలేదు. మాకు వరిపంట లేదు, ఎడ్లు లేవు, ఇల్లు లేదు.

కొన్ని మాసముల తరువాత నాయనమ్మ సంఘ కార్యాలయమునకు పోయెను. కార్యదర్శి మంచివాడు. "అమ్మా, వాయిదాలు పొడిగించాము. నిన్నెవరూ అడగరు. రద్దవుతుందేమో కూడా. ఇంటికి పో" అని చెప్పెను. అప్పుడు వారి మధ్య జరిగిన సంభాషణను నాయనమ్మ మాకు పలుమారులు చెప్పియున్నది.

"ఈ డబ్బు ఎవరిది బాబూ?"

"కొంత మన వాటాల సొమ్ము. తక్కింది జిల్లా బ్యాంకు నుంచి తెచ్చింది."

"మరి బ్యాంకుకి ఎవరు కట్టాలి?"

"సంఘం కట్టాలి."

"సంఘమంటే ఎవరు?"

కార్యదర్శి బదులు చెప్పలేదు. నాయనమ్మ ఖాతాను తన పేరునకు మార్పించుకొనెను. తన బాకీయే కాక జామీను బాకీని గూడ తన లెక్కలో వ్రాయుమనెను. "వాళ్లంతా పోయారు గదమ్మా, దాని మాట ఎందుకు" అనగా, "మనుషులు మునిగారు గాని మా ఆయన ఇచ్చిన మాట మునగలేదు" అనెనట.

సోదరులారా, ఈ కథను ఇచ్చటనే ముగించి, చప్పట్లు కొట్టి లేచిపోవుట సులభము. కాని సగము కథ చెప్పుట అబద్ధముతో సమానము. ఆ బాకీ తీర్చుటకు నాయనమ్మ మెడలోని బంగారు పూసలు అమ్మెను. అవి చాలలేదు. పొలమునకు చేతులు కావలసెను. కళాశాలలో చదువుచుండిన మా నాన్నగారు తిరిగి అచ్చటికి పోలేదు. లెక్కలలో తరగతికి మొదటివాడుగా నుండిన ఆయన, తన పుస్తకములు నీట పోయినవి గనుక చదువు పోయెనని ఇతరులతో చెప్పెడివారు. ఇంటిలో మాత్రము, "చచ్చినవాళ్ల అప్పు కట్టి బ్రతికినవాడి చదువు చంపింది" అని అనెడివారు. నాయనమ్మ విని యూరకుండెడిది. ఇరువురును ఒకే పొలము దున్నిరి, ఒకే కుండలోనిది తినిరి, ఒకే గుడిలో కూర్చుండిరి; కాని ఆ మాట వారి నడుమ నుండి కదలలేదు. మా బాల్యమంతయు ఆ మాట నీడలోనే గడచినది.

ఉప్పు కడిగిన విధము

ఆ రెండెకరములు మరల ఎట్లు పండినవో రైతులు తెలిసికొనదగును. సముద్రపు నీరు తీసిన పిమ్మట నేల మీద ఉప్పు తెల్లగా పేరుకొనెను. పలువురు ఇక పదేండ్ల వరకు గింజ మొలవదనిరి. నాయనమ్మ కాలువనీటి కొరకు కాచుకొనెను. నీరు రాగానే పొలమును చిన్న మడులుగా విభజించి, గట్లు బలముగా వేసి, జేనెడు మంచినీరు నిలువగట్టి, కొన్ని దినము లుంచి, మురుగు బోదెలోనికి తీసివేయించెను. ఇట్లు మూడు పర్యాయములు చేసెను. పైనీటిని ఎండగట్టక కరిగిన యుప్పుతో సహా బయటికి పంపుట ఇందలి కీలకము. నీరు నిలిపి అచ్చటనే యింకిపోనిచ్చి, అడుగున మురుగుదారి లేకుండ చేసినయెడల, ఎండలకు ఉప్పు మరల పైకి ప్రాకును.

తరువాత జీలుగ చల్లి, పూతకు వచ్చునప్పటికి నేలలో కలియదున్నించెను. జీలుగ ఉప్పును కొంతవరకు ఓర్చుకొనును. పచ్చిరొట్ట కుళ్లి నేలను గుల్లపరచును. నాటుటకు లేతనారు కాక 40 దినములు దాటిన ముదురునారు తీసికొని, కుదురునకు ఐదారు మొక్కలు పెట్టించెను. లేతనారు ఉప్పునకు త్వరగా మాడిపోవును గదా. పంచిన విత్తనములను సైతము ఆమె గ్రుడ్డిగా చల్లలేదు. నూరు గింజలు లెక్కించి తడిగుడ్డలో మూటగట్టి మొలకలు చూచెను. 62 మాత్రమే మొలిచినవి. ఉచితముగా వచ్చినదానిని నిందింపక, నారుమడిలో ఒత్తుగా చల్లించెను. మంచి వరి విత్తనము నూటికి 80 యైనను మొలవవలెనని నేడు మేము మీకు చెప్పుచున్న పరీక్ష ఇదియే.

మేము ఈ యుద్యోగమునకై చదివిన గ్రంథములలో పాలచౌడును మంచినీటితో కడిగి మురుగు తీయవలెననియు, కారుచౌడునకు మట్టి పరీక్ష చేయించి జిప్సము వేయవలెననియు వ్రాసియున్నది. మొదటి పాఠము మేము మా యింటి వాకిట ముందే విని యుంటిమి. తొలియేట ఆ పొలము పెట్టిన గింజలు మాత్రమే యిచ్చెను. మూడవయేట ఊరిలోని తక్కిన పొలములతో సమానముగా పండెను.

పిడికెడు బియ్యము

మా ప్రాంతపు గ్రామ సంఘములలో క్రైస్తవ స్త్రీలు వంటకు బియ్యము కొలుచుకొనునపుడు ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేసి, ఆదివారమున గుడికి తెచ్చి యిచ్చుట వాడుక. నాయనమ్మ ఉప్పెన తరువాత రెండు కుండలు పెట్టెను. ఒకటి దేవునికి, రెండవది బాకీకి. గంజి త్రాగిన దినములలో గూడ ఆ రెండు కుండలలో గింజలు పడుచునే యుండెను. ఒకటి మానుకొనరాదా యని ఇరుగుపొరుగువారనగా, "తీసేది ముందు తియ్యాలి. మిగిలాక తీద్దామనుకుంటే మిగలదు" అనెడిది.

ఇందలి లెక్క చూడుడు. పిడికిలి బియ్యము సుమారు 50 గ్రాములు. దినమునకు రెండు పూటలు 100 గ్రాములు. సంవత్సరమునకు 36 కిలోల పైచిలుకు. ఒక యిల్లు ఇరువది యేండ్లు చేసిన 730 కిలోలు. ఇరువది యిండ్లు ఒక్క యేడు చేసినను అంతే. పొదుపు సంఘమను పేరు వినుటకు ముందే మన స్త్రీలు ఈ సూత్రమును కుండలో పెట్టి నడపిరి. ఆ బాకీ కుండలోని బియ్యమును ఆమె నెలనెల అమ్మి, ఆ పైకమునకు ధాన్యము డబ్బులు చేర్చి సంఘమునకు కట్టుచు వచ్చెను.

పెట్టెలో దొరకినవి

నాయనమ్మ 2008వ సంవత్సరమున కన్నుమూసెను. ఆమెను సమాధి చేసిన నాడు పెరటి త్రోవన పిలిచిన యిండ్లవారును వచ్చిరి. డాబా మీద పుట్టిన బిడ్డ అప్పటికి ముప్పదియేండ్లు దాటిన యిల్లాలు. ఆమె పెట్టె పట్టుటకు తన భర్తను పంపి, తాను మా తల్లి ప్రక్కన కూర్చుండెను.

మూడవ దినమున మా నాన్నగారును మేమును నాయనమ్మ రేకుపెట్టె తెరచితిమి. బైబిలు, ఆ చిన్న గిన్నె, దారముతో కట్టిన రశీదులు కనబడెను. రశీదులు పదునొకండు. తుదిదాని తేది 1984 మార్చి. దాని వెనుకనే అదే తేదితో సంఘపు పొదుపు పుస్తక మొకటి యుండెను. 10 రూపాయలతో తెరచిన ఆ ఖాతా మా పేరిట నుండెను. అప్పటికి మేము ఏడాది నిండని పసిబిడ్డలము. బాకీ తీరిన నాడు ఆమె బాకీ కుండను బోర్లింపలేదు. దానిని చదువు కుండగా మార్చెను. తరువాతి పుటలలో మిషను పాఠశాల వసతిగృహమునకు మా పేరిట కట్టిన రుసుములకై తీసిన మొత్తములు వరుసగా నుండెను. ఆ సొమ్ము గుడివారిచ్చిన సహాయమని మా నాన్నగారు అంతవరకు నమ్మియుండిరి, ఆమెయు కాదనలేదు.

నాన్నగారు ఆ పుస్తకమును చాలసేపు త్రిప్పి త్రిప్పి చూచిరి. లెక్కలు తెలిసినవారు గనుక ప్రతి వరుసను కూడి సరిచూచిరి. పిమ్మట, "నా బాకీ కూడా కట్టింది. వడ్డీతో కట్టింది" అని మాత్రమనిరి. ఇరువదియేండ్లకు పైగా వారి నడుమ నిలిచిన మాట ఆనాడు తొలగెను. కాని వినవలసిన మనిషి వినుటకు లేకపోయెను. సోదరులారా, ఇంటిలో తీర్చవలసిన మాట యేదైన నున్నయెడల ఆలస్యము చేయకుడని మనవి.

మన మేమి నేర్వవలెను

ఆమె యొక్కతె చెల్లించినందుననే సంఘము నిలిచినదని మేము చెప్పము. అట్లు చెప్పుట అతిశయోక్తి. కాని మీదుమిక్కిలి బాకీలు మిగిలిన సంఘమునకు జిల్లా బ్యాంకు క్రొత్త అప్పు లిచ్చుటకు వెనుదీయును. అప్పుడు కట్టినవాడును కట్టనివాడును ఒకేసారి వడ్డీ వ్యాపారి గుమ్మము ముందు నిలువవలసి వచ్చును. ఇది మీరందరు నెరిగిన సంగతియే. ఆ యువకుడు గడుసుదనమని పిలిచినది పొరుగువాని విత్తనమును తినుటయే యని మా యభిప్రాయము.

అయితే ఉప్పెనలో భర్తను, బిడ్డను పోగొట్టుకొనిన వితంతువు, కొడుకు చదువు మాన్పించి, జామీను బాకీ కట్టుట సంఘమునకు గౌరవము కాదు. ఆమెకు గౌరవము, సంఘమునకు సిగ్గు. సభ్యుడు మరణించిన యెడల బాకీ యింటివారిపై పడకుండ బీమా ఉండవలెను. పంటకు బీమా ఉండవలెను. ఆపత్తులో ఆదుకొనుటకు లాభములలో కొంత ప్రత్యేకనిధిగా నిలువ చేయవలెను. జామీను వ్రాయునపుడు అది యెంతటి మాటయో ఇంటియందలి స్త్రీకి చదివి చెప్పవలెను. ఎందుకన తుదకు దానిని మోయవలసినది ఆమెయే కావచ్చును. మీ సంఘపు రాబోవు సమావేశమున ఈ నాలుగు సంగతులను అడుగుడు. అడుగుటకు వెరవకుడు. "సంఘమంటే ఎవరు?" అని మా నాయనమ్మ యడిగిన ప్రశ్నకు కార్యదర్శి ఆనాడు బదులు చెప్పలేదు. మీరు చెప్పవలెను.

నేడు మా యింట ఆ రెండు కుండలలో ఒకటి పగిలిపోయినది. రెండవది మా భార్య వంటయింటి మూల నుంచినది. వంటకు బియ్యము కొలుచునపుడు మా చిన్నకుమార్తె పిడికిలి నిండ తీసి దానిలో వేయుచుండును. ఎందుకు వేయుచున్నావని మేమొకనాడు అడుగగా, "ముందు తియ్యకపోతే మిగలదట" అనెను. ఆ మాట మేమామెకు చెప్పినట్లు జ్ఞప్తి లేదు. మా నాన్నగారు చెప్పియుందురు.